తొట్టి ఎత్తిన రోజు

మా బావగారి పాత పికప్పు బండి దగ్గుకుంటూ వచ్చి మా షెడ్డు ముందు ఆగిపోయిన రోజున నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. అబద్ధం చెప్పను. చేతిలో పానా అక్కడే పారేసి, "రా తల్లీ, రా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా నీకు!" అని బానెట్టు మీద ఒక్కటి చరిచాను.

బావగారంటే మా ఆయనకి అన్న. ఆ 'గారు' అలవాటు కొద్దీ అంటున్నదే గానీ మర్యాద కొద్దీ కాదు. నా పేరుని పదిమందిలో మట్టిలో కలిపిన మనిషతను. అదే పదిమందిలో అతన్ని నిలబెట్టి, అన్న మాట అతని చేతే మింగించాలని మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాను.

కూరగాయల మార్కెట్టుని ఆనుకుని ఉన్న ఈ షెడ్డు మా నాన్నది. ఇంజను పని నాన్న దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయన సొట్టలు తీసి రంగులు వెయ్యడానికి పనిలో చేరి, అలాగే అల్లుడైపోయాడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే షెడ్డులో మసి పూసుకుని పెరిగాం, అందుకని నేనాయన్ని 'నువ్వు' అనే అంటాను. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా నాలుక కూడా నాకే ఇచ్చేశాడని మార్కెట్టు వాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ మాటకి నేనూ నవ్వేదాన్ని, ఒకప్పుడు.

మూడేళ్ళ కిందట ఇదే పికప్పుకి ట్యాంకు దగ్గర్నుంచి ఇంజను దాకా పెట్రోలు పైపు నేను కొత్తది వేశాను. ఇనప పైపు, ఒంపులన్నీ చేత్తో వంచి మరీ బిగించాను. వారం తిరిగిందో లేదో, కూరగాయల మార్కెట్టు నడిబొడ్డున బండి ఆగిపోయింది. కింద నుంచి పెట్రోలు ధారగా కారి, బండ్ల సంఘం ప్రెసిడెంటు ఉల్లిపాయల బస్తాలన్నీ తడిసిపోయాయి. పక్కనే టీ కొట్టు, వెలుగుతున్న పొయ్యి. జనం చెప్పులు వదిలేసి పరుగులు తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ బావగారు బండి చక్రం మీదికెక్కి అందరూ వినేలా అరిచాడు.

"మా మరదలు బిగించిన పైపయ్యా ఇది! ఆడదాని చేతికి పానా ఇస్తే ఇంతే మరి!"

అంతే. మార్కెట్టు బండ్లన్నీ నా దగ్గరికే వచ్చేవి, ఒక్కొక్కటీ జారుకున్నాయి. ఆ పైపు నన్నొకసారి చూడనివ్వమని ఎంత మొత్తుకున్నా బావగారు బండి ముట్టుకోనివ్వలేదు, వేరే చోట బాగు చేయించానన్నాడు. మిగిలిన ఒకరిద్దరూ కూడా నేను పని ముగించాక మా ఆయన వైపు తిరిగి, "మీరొకసారి చూశారా?" అని అడిగేవాళ్ళు. ఆయన వంగి, నేను బిగించిన చోట చూసి, "బాగానే ఉంది" అనేవాడు. రంగులు వేసే మనిషి! నా ఒళ్ళు మండిపోయేది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, పోను పోను నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. బిగించిన నట్టే మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించేదాన్ని. నిప్పు లేనిదే పొగ రాదుగా, ఎక్కడో పొరపాటు పడే ఉంటాననుకునేదాన్ని. మా నాన్న ఉంటే ఆ మాటకి చెవి మెలిపెట్టేవాడు.

ఇప్పుడా బండి నడుపుకుంటూ వచ్చింది మా తోడికోడలు, అంటే బావగారి భార్య. బావగారు తనకి కొత్త వ్యాను కొనుక్కుని, ఈ డొక్కుని ఆవిడ మొహాన పడేశాడు. ఆవిడ దీంట్లో కోడిగుడ్లు వేసుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతుంది. నేనావిడని అక్కా అంటాను.

"చెల్లీ, దారి పొడుగునా ఆగుతూనే ఉంది. వాసన చూడు, కడుపులో తిప్పేస్తోంది," అంది అక్క, దిగుతూనే. "గుడ్లకి కూడా పెట్రోలు కంపు కొడుతోందని కొట్ల వాళ్ళు వెనక్కిచ్చేస్తున్నారు."

"బావగారికి తెలుసా ఇక్కడికి తెచ్చినట్టు?"

"ఆయనకి చెప్పి వస్తే వచ్చినట్టే! రెండు షెడ్లు తిరిగాను. తొట్టి ఎత్తాలంట, బోల్టులు తుప్పు పట్టాయి, మా వల్ల కాదు పొమ్మన్నారు."

తొట్టి అంటే వెనకాల సరుకు వేసే భాగం. పెట్రోలు పైపు దాని కింద, ఛాసిస్ దూలం మీదుగా పోతుంది. కింద పడుకుంటే చెయ్యి ఒక్కటి దూరే సందు ఉంటుంది, అంతే. చేత్తో తడమడం తప్ప కంటితో చూసే వీల్లేదు. పైపు మొత్తం మార్చాలంటే తొట్టి ఎత్తి తీరాల్సిందే. అది ఎత్తితే నా పైపు బట్టబయలవుతుంది. నేను చేసిన పని తప్పో ఒప్పో కళ్ళ ముందుంటుంది.

"ఎత్తుతానక్కా," అన్నాను. "కానీ ఒక షరతు. రేపు మధ్యాహ్నం సంఘం ప్రెసిడెంటునీ, డ్రైవర్లనీ పిలుస్తాను. మీ ఆయన్ని నువ్వు పిలవాలి. అందరి ముందూ తాడో పేడో తేలిపోవాలి. తప్పు నాదే అయితే అప్పుడే షెడ్డు మూసేస్తాను."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నీదైతే?"

"మూసేస్తానన్నానుగా."

"నీది కాకపోతే మీ బావగారి మొహం చూడ్డానికి నాకు ముందు వరసలో కుర్చీ వెయ్యాలి," అంది.

మా ఆయనకి ఈ మాట చెప్పేసరికి ఆయన చేతిలో రంగు డబ్బా ఒలికింది.

"తొట్టి ఎందుకిప్పుడు? ట్యాంకు దించి, కింద నుంచే అతుకేసెయ్యొచ్చుగా."

"ఎప్పట్నుంచి మెకానిక్కువయ్యావు నువ్వు?"

"అది కాదు. తుప్పు బోల్టులు, బరువు, మీద పడిందంటే... ఇదిగో, నా మాట విను. గొడవలెందుకు? అన్నయ్యతో నేను మాట్లాడతాలే."

"మూడేళ్ళుగా మాట్లాడని వాడివి ఇప్పుడేం మాట్లాడతావు?" అని నోరు మూయించాను. అన్న పరువు పోతుందని బెంగ పెట్టుకున్నాడనుకున్నాను. ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. పిచ్చిదాన్ని, జాలి కూడా పడ్డాను.

బోల్టులకి ముందు రోజే కిరసనాయిలు పోసి నానబెట్టాను. పొద్దున బ్యాటరీ తీగలు తీసి, ట్యాంకులో పెట్రోలు డబ్బాల్లోకి దించి, వెనక లైట్ల తీగలు విప్పాను. పెట్రోలు పోసే మూతి దగ్గర మూడు స్క్రూలుంటాయి, అవీ తీశాను. వాటిని మర్చిపోయి తొట్టి లాగితే మూతి గొట్టం చిరిగిపోతుంది. బోల్టుల్లో కొన్ని పానాకి పొడుగు గొట్టం తొడిగి ఊగితే కిర్రుమని లొంగాయి. ఒక్కటి మాత్రం మొండికేసింది. పెట్రోలు దగ్గర మంట పెట్టకూడదు, నిప్పురవ్వలు లేపకూడదు. అందుకని పక్క పంక్చరు షాపు మామయ్యా నేనూ వంతులేసుకుని రంపపు బ్లేడుతో కోశాం. "బావగారి మెడనుకుని కొయ్యమ్మా, తొందరగా తెగుద్ది," అన్నాడు మామయ్య. నిజంగానే తెగింది.

తర్వాత షెడ్డు దూలానికి నాన్న కట్టిన చైన్ పుల్లీ కొక్కేలు తగిలించి తొట్టిని పైకి లాగాం. అది ఊగకుండా నాలుగు మూలలా నలుగురం పట్టుకున్నాం. నేను, అక్క, మామయ్య, మా ఆయన. తొట్టి తలకన్నా ఎత్తుకి లేచాక గొలుసు బిగించేశాను. అక్కా మామయ్యా టీలు తేవడానికి వెళ్ళారు. నేను గుడ్డ తీసుకుని, మూడేళ్ళ బురద తుడుస్తూ పైపు వెంబడి పోయాను.

ముందు నా బిగింపు కనిపించింది. పని ముగించాక నట్టు మీదుగా పైపు దాకా ఎర్రరంగుతో సన్నటి గీత గీస్తాను నేను. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగిపోతుంది. బురద కింద గీత ఒక్క ముక్కలా, చెక్కు చెదరకుండా ఉంది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నా చేతులు తప్పు చెయ్యలేదు. ఈ మాట నాకు నేను పైకే చెప్పుకున్నాను.

తర్వాత కొంచెం ముందుకి పైపు మీద ఒక రబ్బరు ముక్క తగిలింది. అది నేను వేసింది కాదు. ట్యూబు ముక్క చీల్చి పైపుకి చుట్టి, రెండు చివర్లా ఇనప తీగ బిగించారు. రబ్బరు ఎండి నెర్రెలిచ్చి ఉంది. దాన్ని పక్కకి జరిపితే కింద పైపుకి గుండ్రటి చిల్లు. పైకి చూశాను. వేలాడుతున్న తొట్టి అడుగు రేకులో, ఇప్పుడు గుడ్ల ట్రేలు పెట్టే ఇనప స్టాండు బోల్టు ఊడిపోయిన చోట, అదే లావు చిల్లు. స్టాండు కోసం బావగారు పై నుంచి డ్రిల్లు దింపాడు, అది తొట్టిని దాటి నా పైపులో దిగింది. కింద ఏముందో చూసుకోకుండా తొట్టికి డ్రిల్లు వేసేవాడిని ఏమనాలి? ఆ తర్వాత అతికించి దాచేశాడు, అతుకు ఊడితే నా నెత్తిన రుద్దాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

"దొరికాడు!" అని కేక పెట్టాను. "దొరికాడయ్యా మీ అన్న!"

అప్పుడు నేను తీగని చూశాను.

తీగ మూడు మెలికలు తిరిగి, కొస వెనక్కి వంగి, పైపుకి అదిమేసి ఉంది. అందరూ తీగ మెలేసి, కొస కత్తిరించి వదిలేస్తారు, అది ఎప్పుడో ఒకప్పుడు వేలిలో దిగుతుంది. కొసని వెనక్కి మడిచి నొక్కే మనిషి నాకు తెలిసి ఒక్కడే. మా దండెం తీగ అలాగే ఉంటుంది. బకెట్టు పిడి అలాగే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి తీగ గీసుకుని నా వేలు చీరుకుపోతే, "ఇకనుంచి నీ చేతికి గుచ్చుకోకుండా కడతాను" అని మొదలుపెట్టాడు. సందులోంచి చెయ్యి దూర్చి, కంటికి కనపడకుండా కట్టిన కట్టు అది. నాకు తెలియకుండా చేసిన ఆ దొంగపనిలో కూడా నా వేలికి గుచ్చుకోకుండా జాగ్రత్త పడ్డాడు.

"ఇది ఎవరు కట్టారు?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నిన్నే. ఎవరు కట్టారు?"

"అన్నయ్య పిలిచాడు," అన్నాడు చివరికి. "డ్రిల్లు దిగిపోయిందిరా, మీ ఆవిడకి తెలిస్తే నానా మాటలూ అంటుంది, ఏదో ఒకటి కట్టెయ్యమన్నాడు. కట్టాను. మెల్లిగా నీతో కొత్తది వేయిద్దామనుకున్నాను. ఇంతలో మార్కెట్లో ఊడిపోయింది. అన్నయ్య ఆ మాట అనేశాడు. అనేశాక నేనేం చెయ్యను?"

"మళ్ళీ కట్టింది కూడా నువ్వేనా?"

తలూపాడు.

"మరి ఈ మూడేళ్ళూ? ఒక్కరోజు కూడా చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఇంకా పెద్ద గొడవవుతుందనుకున్నాను. అన్నదమ్ముల మధ్య... నువ్వు గట్టి మనిషివి. తట్టుకుంటావనుకున్నాను."

తట్టుకుంటాననుకున్నాడంట! మోసేవాళ్ళుంటే ఎంతైనా ఎత్తొచ్చన్నమాట. పక్కనున్న పానా తీసి విసిరేశాను. అది ఆయన పక్కనుంచి పోయి రంగు డబ్బాలని కూల్చింది. తగలకపోవడం ఆయన అదృష్టం, నా గురి బాగానే ఉంటుంది.

"నేను నట్టు మీద నట్టు విప్పుకుంటూ, నా చేతుల్ని నేనే తిట్టుకుంటుంటే పక్కన నిలబడి చూశావు! వాళ్ళు అడిగినప్పుడల్లా వంగి, నా పని చూసి, బాగానే ఉందన్నావు! నా పనికి నువ్వు హామీ ఇచ్చావా? నువ్వా?"

"మెల్లిగా," అన్నాడు గేటు వైపు చూస్తూ. "ఇదిగో, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ రబ్బరు ముక్క తీసి పారెయ్. చిల్లు చూపించు, చాలు. అన్నయ్యని ఏమైనా అను, నేను అడ్డం రాను. నలుగురిలో నన్ను మాత్రం నిలబెట్టకు. నీ పరువూ నా పరువూ ఒకటే కదా."

కటింగ్ ప్లేయరు తీసుకుని, మెలికలు చెడకుండా రెండు తీగల్నీ అవతలి వైపు కత్తిరించి, రబ్బరు ముక్కని చీలిక వెంట విడదీసి, జారవిడిచి జేబులో వేసుకున్నాను. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. తన కోసమే దాచాననుకున్నాడు. నిజం చెప్పాలంటే ఏం చేస్తానో అప్పటికి నాకే తెలియదు. బావగారి మీద పగ తీరితే చాలు, ఇంటి గుట్టు ఇంట్లో తేల్చుకోవచ్చు అని కూడా ఒక పక్క అనిపించింది.

మధ్యాహ్నానికి జనం పోగయ్యారు. ప్రెసిడెంటు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, డ్రైవర్లు గోడ పొడుగునా నిలబడ్డారు, టీ కొట్టు ఆవిడ పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది. అక్క ముందు వరసలో కుర్చీ వేసుకుంది. బావగారు కొత్త వ్యాను గేటుకి అడ్డంగా ఆపి, దిగుతూనే కేకలు.

"ఎవరినడిగి విప్పావు నా బండి?"

"నన్నడిగి," అంది అక్క. "నడిపేది నేను, ఆగితే తోసేది నేను. కూర్చోండి."

నేను మాటలు పెంచలేదు. ప్రెసిడెంటుని పిలిచి ఎర్రగీత చూపించాను. తర్వాత దారానికి నట్టు కట్టి, వేలాడే తొట్టి చిల్లులోంచి కిందికి వదిలాను. నట్టు కాసేపు ఊగి, పైపు చిల్లు మీద సరిగ్గా నిలబడింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "డ్రిల్లు వేసింది ఎవరు బావగారూ?" అన్నాను.

బావగారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. కానీ ఆ నోరు ఊరికే పోయే నోరా?

"వేశాను. వేస్తే? నా బండి, నా డ్రిల్లు. నువ్వు పైపు వేసిన మర్నాడే స్టాండు బిగించాను. చిల్లు అప్పుడే పడుంటే పెట్రోలు అప్పుడే కారాలిగా? వారం తిరిగాను, చుక్క కారలేదు. చిల్లు ఈ మధ్యెప్పుడో తుప్పుకి పడుంటుంది. ఆ రోజు మార్కెట్లో కారింది నీ బిగింపే. ఈ రంగు గీతంటావా, ఇవాళ పొద్దున గీసుకోలేదని ఏమిటి నమ్మకం?"

ప్రెసిడెంటు గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమేనమ్మాయ్. వారం ఎలా తిరిగింది మరి?"

ఎలా తిరిగిందో నా జేబులో ఉంది. దాన్ని దాస్తే నా పేరు మళ్ళీ మట్టిలోకే. బావగారికి అది తెలుసు. తమ్ముడు నోరు విప్పడనీ, నేను మొగుణ్ణి బయట పెట్టుకోననీ లెక్క వేసుకుని, మీసాల్లో నవ్వుతున్నాడు.

ప్రెసిడెంటు మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. నీ మాటంటే మాకందరికీ గురి. నీకేమైనా తెలుసా?"

ఆయన అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, నేనన్నీ మర్చిపోయేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

"నాకేం తెలుసండీ," అన్నాడు.

నాలో ఉన్న జాలి కాస్తా అక్కడితో సరి. ఇక బావగారి మీద కోపం కూడా రెండో వరసకి పోయింది.

"అవును బాబాయ్, ఆయనకేం తెలుసు పాపం!" అన్నాను ప్రెసిడెంటుతో. మా ఆయన వైపు తిరిగాను. "సరే, పైపులో మిగిలిన పెట్రోలు చుక్కలు కారుతోంది, ఇంతమంది ఉన్నాం, ప్రమాదం. ఇదిగో, ఈ రబ్బరు ముక్క చుట్టి తీగ బిగించు." కొత్త ట్యూబు ముక్క, తీగ, ప్లేయరు ఆయన చేతిలో పెట్టాను.

ఆయనకి అర్థమైంది. ఒకసారి తీగ వేరే తీరుగా మెలిపెట్టబోయాడు, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. అందరూ చూస్తున్నారు. మూడోసారి వేళ్ళు వాటి దారిన అవి పోయాయి. మూడు మెలికలు, కొస వెనక్కి మడత, బొటనవేలితో ఒక నొక్కు. అప్పుడు నేను జేబులోంచి పాత ముక్క తీసి దాని పక్కన పెట్టాను.

"వారం ఇలా తిరిగింది బాబాయ్. పొద్దున తొట్టి ఎత్తినప్పుడు ఈ చిల్లు మీద ఉంది ఇది. రెండు కట్లూ చూసి ఎవరివో మీరే చెప్పండి."

ప్రెసిడెంటు రెండూ చూశాడు. పంక్చరు మామయ్య వంగి చూసి, "ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావగారు మాత్రం తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్ వెధవా! ఇన్నేళ్ళు నోరు మూసుకుని చచ్చి, ఇవాళ చేతులు మూసుకోలేకపోయావా?"

ఆ మాటతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. అక్క కుర్చీలోంచి లేచి, మొగుడి చేతిలోంచి కొత్త వ్యాను తాళాలు లాక్కుంది. "ఇకనుంచి గుడ్లు దీంట్లో పోతాయి. మీ డొక్కు మీరే తోసుకోండి," అంది. అప్పుడు నవ్వారు జనం, షెడ్డు రేకులు అదిరేలా.

ప్రెసిడెంటు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆ రోజు ఉల్లిపాయల కోపంలో నేను కూడా నిన్ను..."

"ఆ రోజు గొంతు తగ్గించి అన్లేదు బాబాయ్ మీరు," అన్నాను.

పెద్దమనిషి కాబట్టి సరిపోయింది. బెంచీ ఎక్కి, అటు మార్కెట్టు చివరి దాకా వినపడేలా అరిచి చెప్పాడు, తప్పు ఈవిడది కాదు, రేపట్నుంచి సంఘం బండ్లన్నీ ఇక్కడికే అని. చెవులారా విన్నాను. కడుపు నిండింది. బావగారు కక్కలేక మింగలేక నేల చూపులు చూస్తుంటే, "ఇటు చూడండి బావగారూ, పానా చూడండి, ఆడదాని చేతిలోనే ఉంది" అని కూడా అన్నాను. ఎందుకనకూడదు?

కొత్త పైపు వేశాను. ఎర్రగీత గీశాను. తొట్టి దించే వేళకి మా ఆయన మాట్లాడకుండా వచ్చి తన మూల పట్టుకోబోయాడు.

"ముట్టుకోకు," అన్నాను.

"నేను ఒప్పుకున్నట్టేగా," అన్నాడు మెల్లిగా. "అందరి ముందూ కట్టాను కదా."

"ఒప్పుకున్నవి నీ చేతులు. అవి కూడా వేరే దారి లేక. నీ నోరు నాకేం తెలుసండీ అంది. మీ అన్న ఇంటికి పో. ఒకరి తప్పు ఒకరు దాచుకుంటూ హాయిగా ఉండండి."

ఆ మూల ప్రెసిడెంటు పట్టుకున్నాడు. తొట్టి బోల్టు చిల్లుల మీద కుదురుగా కూర్చుంది. అక్క బండి స్టార్టు చేసి చూసింది. ఒక్క చుక్క కారలేదు. మా ఆయన గుడ్డ సంచీలో రెండు చొక్కాలు పెట్టుకుని, అన్న వెనకాల నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సంఘం బండ్లు వరస కట్టాయి. మా ఆయన రోజూ పొద్దున వచ్చి గేటు బయట నిలబడేవాడు. నేను తల ఎత్తేదాన్ని కాదు. "ఎన్నాళ్ళిలా చెల్లీ?" అంది అక్క. "నోరు విప్పేదాకా," అన్నాను. ఆ కబురు ఆవిడే చేరవేసి ఉంటుంది.

ఒకరోజు మార్కెట్టు నిండుగా ఉన్నప్పుడు ఆయన గేటు ముందుకొచ్చి, గట్టిగా అన్నాడు. "ఆ అతుకు నేనే వేశాను. అన్నయ్య అబద్ధమాడుతుంటే నాకు తెలుసు. తెలిసే మా ఆవిడ మీద నింద పడనిచ్చాను. తప్పు నాది." అంతే, ఆగిపోయాడు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

బేరాలు ఆగిపోయాయి. టీ కొట్టు ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మొగాడు ఇంతకన్నా ఏం చెప్తాడమ్మా, లోపలికి రానీ," అన్నాడు పంక్చరు మామయ్య. అందరూ నా వైపే చూస్తున్నారు. నేనూ ఈ మాట కోసమే పళ్ళు బిగపట్టుకుని ఎదురు చూశాను. తీరా విన్నాక కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. నా చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అది చల్లారే లోపే ఆయన చెప్పడం అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను. "ఇంత చిన్న మాట చెప్పడానికా మూడేళ్ళు?"

ఆయన తల దించుకున్నాడు. నేను లేచి వెళ్ళి, గేటు గడియ పెట్టి, మళ్ళీ బండి కింద దూరాను.